తప్పు తాడు దగ్గర కాదు, చుక్కాని దగ్గర

2014 జూలైలో ఒక శనివారం. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో అల్కట్రాజ్ దీవి దాటి, గాలివాలున బర్క్‌లీ వైపు పోతున్నాం. పడవ జె/105 రకం. పదిన్నర మీటర్ల పొడవు, పైన ఆరుగురం. ముందు ఎర్రటి స్పిన్నేకర్ చాప నిండుచూలాలిలా ఉబ్బి ఉంది. పరిచి కొలిస్తే 89 చదరపు మీటర్ల గుడ్డ అది. ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాటు నేలంతా కప్పేయొచ్చు. చుక్కాని దగ్గరున్న పెద్దమనిషి ‘జైబ్’ అని ఒక్క అరుపు అరిచి చక్రం గిర్రున తిప్పేశాడు. కొత్త వైపు తాడు నా చేతిలో ఉంది. లాగుతున్నాను. రెండు బారలు వచ్చింది. మూడో బారకు చేతిలోని బరువు ఉన్నట్టుండి మాయమైంది. తలెత్తి చూస్తే చాప పోవలసిన దారిన పోలేదు. పడవ ముక్కు నుంచి స్తంభం పైకి బిగించిన ఉక్కుతీగ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుంది. పైన ఒక బుంగ, కింద ఒక బుంగ, మధ్యలో పిడికెడు నడుము.

ముక్కు మీద నిలబడ్డ అబ్బాయికి పందొమ్మిదేళ్లుంటాయి. కాలేజీ పిల్లవాడు. చుక్కాని పట్టినాయన అతన్ని అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. నిద్రపోతున్నావా అన్నాడు, నీలాంటి వాణ్ణి ఎక్కించుకోవడం నాదే బుద్ధితక్కువ అన్నాడు. ఆ అబ్బాయి తప్పు వీసమెత్తు లేదు. నాకా సంగతి తెలుసు, ఎందుకంటే తాడులో బరువు పోయిన క్షణం నా చేతిలోనే జరిగింది. అయినా నోరు మెదపలేదు. పై వారం ఆ అబ్బాయి రేవుకు రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు అనవలసిన మాట ఇప్పుడంటాను. స్పిన్నేకర్ చిక్కుపడితే నూటికి తొంభై సార్లు తప్పు చుక్కాని పట్టినవాళ్లది. పిల్లలకు ఈ విద్య నేర్పేవాళ్లు మొట్టమొదట చెప్పవలసింది ఇదే. మన ఊళ్లలో, మన భాషలో నేర్పడం మొదలుపెట్టేటప్పుడైనా ఈ ఒక్కటి సరిగ్గా నేర్పాలని నా కోరిక.

నేను భీమిలి దాన్ని. మా నాన్న విశాఖపట్నం పోర్టులో టగ్గు బోటు మీద సారంగు. కంప్యూటర్ ఉద్యోగం మీద 2006లో ఇక్కడికొచ్చాను, 2011 నుంచి పడవ పందేల్లో తాళ్లు లాగాను, 2017 నుంచి చుక్కాని కూడా పడుతున్నాను. తిట్టించుకునే చోటా నిలబడ్డాను, తిట్టే చోటా నిలబడ్డాను. ఈ మాట రెండు చోట్ల నుంచీ చూసి చెబుతున్నది.

పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

పాతకాలపు స్పిన్నేకర్‌కు రెండంచులూ సమానం. దాన్ని నిలబెట్టడానికి స్తంభం నుంచి ముందుకు ఒక అడ్డకొయ్య ఉండేది. చాపను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చాలంటే ఒకరు ఊగే ముక్కు మీదికి వెళ్లి, ఆ కొయ్యను ఇటు విప్పి అటు తగిలించాలి. 1980లలో సిడ్నీ నౌకాశ్రయంలో పద్దెనిమిది అడుగుల స్కిఫ్‌లు నడిపేవాళ్లు ఆ కొయ్యను వదిలించుకున్నారు. చాప ముందు మూలను పడవ ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన వాసం కొసకు కట్టేసి, రెండంచులూ సమానంగా లేని కొత్త రకం చాప కుట్టించుకున్నారు. 1991లో వచ్చిన జె/105, అవసరమైనప్పుడు బయటికి తోసి అక్కర్లేనప్పుడు లోపలికి లాక్కునే వాసంతో, ఆ పద్ధతిని పెద్ద పడవల్లోకి తెచ్చింది. అడ్డకొయ్య పోయింది కాబట్టి పని సులువైందని అందరూ అనుకున్నారు. ముక్కు మీద పని తగ్గిన మాట నిజమే. కానీ అది ఎక్కడికీ పోలేదు, నడిచి వచ్చి చుక్కాని చేతిలో కూర్చుంది. ముప్పై ఏళ్లు దాటినా చాలామంది సారథులు ఈ బదిలీని గమనించనే లేదు. ఇప్పటికీ ఏం జరిగినా ముందు వైపే చూసి అరుస్తారు.

ఈ చాప సూటిగా గాలివాలున పోనివ్వదు. అలా పోతే పెద్ద తెరచాప నీడన పడి ముడుచుకుపోతుంది. అందుకని కాసేపు కాస్త ఎడమకు, కాసేపు కాస్త కుడికి, ఘాట్ రోడ్డులా మెలికలు తిరుగుతూ దిగాలి. ప్రతి మెలిక దగ్గరా చాప పక్క మారాలి. అదే జైబ్. ఒక్క మధ్యాహ్నం పందెంలో ఇలాంటివి పదో పన్నెండో వస్తాయి.

చాపకు మూడు మూలలు. పై మూల స్తంభం కొసన, ముందు మూల వాసం కొసన. మూడోది వదులుగా ఎగురుతుంటుంది, దానికి కుడి నుంచొక తాడు, ఎడమ నుంచొక తాడు. ఈ మూడో మూలను మా పడవలో కొంగు అంటాం. మా ఆరుగురిలో ముగ్గురం తెలుగువాళ్లం, మిగతా ముగ్గురూ ఆ మాట నేర్చుకున్నారు. చాప ముందంచుకూ ఉక్కుతీగకూ మధ్య ఒక సందు ఉంటుంది. పక్క మారడమంటే కొంగు ఆ సందులోంచి దూరి అవతలికి రావడమే. సందు ఇరుకు, గుడ్డ పెద్దది. వ్యవధి ఎనిమిది, పది సెకన్లు.

ఆ పది సెకన్లలో ఏం జరగాలి? ముందుగా వాసం కొసన ఉన్న మూలను కిందికి బిగిస్తాం, లేకపోతే చాప అటూ ఇటూ ఊగుతుంది. కొత్త వైపు తాడు ఎక్కడా పట్టేయలేదని ముక్కు మీది మనిషి చేత్తో తడిమి చూసి చెయ్యెత్తుతారు. చుక్కాని మెల్లగా, చాలా మెల్లగా, గాలివాలుకు తిరుగుతుంది. పాత తాడు పట్టుకున్నవాళ్లు దాన్ని వదులుతూ పోతారు. ఒక్కసారిగా వదిలేయకూడదు, పాకం తీగలా సాగనివ్వాలి. కొంగు ముందుకు తేలుతుంది. చాప ఇంకా గాలి నింపుకునే ఉంటుంది, పడవకు ఎదురుగా గొడుగులా. కొంగు ఉక్కుతీగ ముందుకు వచ్చేసరికి పడవ వీపు సరిగ్గా గాలికి తగిలి ఉండాలి. అప్పుడు చుక్కాని ఆగాలి. సరిగ్గా ఇక్కడ, రెండు మూడు సెకన్లు, పడవను నిలకడగా గాలివాలునే ఉంచాలి. కొత్త వైపు మనిషి బారలు బారలుగా తాడు లాగుతారు. పెద్ద తెరచాప అడుగున ఉండే దూలం, బూమ్, తలల మీదుగా ఇవతలికి వస్తుంది, అందరూ వంగుతారు. కొంగు సందు దాటి తీగకు ఇవతల కనబడుతుంది. అప్పుడు, అప్పుడు మాత్రమే, చుక్కాని కొత్త దిక్కుకు లేవాలి. ఒక గుడ్డను దులిపినట్టు ‘టప్’మని చప్పుడవుతుంది. చాప నిండిందని ఆ చప్పుడే చెబుతుంది, తలెత్తి చూడనక్కర్లేదు.

చుక్కాని ఆగకపోతే ఏమవుతుంది? కొంగు ఇంకా పాత వైపే ఉండగా పడవ గాలిని దాటేస్తుంది. కొత్త వైపు నుంచి వచ్చిన గాలి చాపను వెనక్కి, తీగ మీదికి, స్తంభం మీదికి నెడుతుంది. అప్పుడు తాడును ఇద్దరు పహిల్వాన్లు పట్టి లాగినా రాదు. 89 చదరపు మీటర్ల గుడ్డ మీద గాలి పెట్టే ఒత్తిడితో మనిషి భుజం పోటీపడలేదు. 2014లో నా చేతిలో బరువు పోయింది అందుకే.

తాళ్లు పట్టినవాళ్లకు తప్పే ఉండదని నేననను. కొత్త తాడు ముందే లాగితే గొడుగు కూలిపోతుంది. పాత తాడు ఆలస్యంగా వదిలితే కొంగు సందు దాకానే రాదు. అవి తప్పులే. కానీ చుక్కాని ఇంకో రెండు సెకన్లు ఆగితే ఆ తప్పులు సర్దుకుంటాయి. చుక్కాని చేసిన తప్పును మాత్రం తాడు సర్దలేదు. నా వాదన అంతా ఇక్కడే ఉంది. సర్దగలిగిన చేతిదే బాధ్యత.

నాతో పందేల్లో తిరిగే పెద్దవాళ్లు కొందరు దీనికి అడ్డు చెబుతారు. చుట్టూ ఇరవై పడవలుంటాయి, ఒకడు ఎడమ నుంచి మీదికొస్తుంటాడు, చుక్కాని పట్టినవాడు చాప మూల ఎక్కడుందో చూస్తూ కూర్చుంటే గుద్దుకోవడం ఖాయం అంటారు. ఆ మాటలో నిజముంది. చూడలేనప్పుడు వినొచ్చు కదా అన్నది నా జవాబు. మా పడవలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చుక్కాని ‘తిప్పుతున్నా’ అంటుంది. ఆ తర్వాత చుక్కానికి మాట్లాడే హక్కు లేదు. ముక్కు మీది మనిషి ‘దాటింది’ అన్నదాకా పడవ గాలివాలునే ఉంటుంది. ఆజ్ఞ వెనక నుంచి ముందుకు పోవడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ అది ముందు నుంచి వెనక్కి రావాలి. ఈ పద్ధతి పెట్టుకున్నాక తీగకు చుట్టుకోవడం మా పడవలో దాదాపు లేకుండా పోయింది. అరుపులూ పోయాయి.

ఇది నేను కనిపెట్టింది కాదు. పదేళ్ల వయసులో ఒక్కసారి నాన్న నన్ను టగ్గు ఎక్కించుకున్నారు. పెద్ద ఓడ పక్కకు చేరుతున్నాం. మా ముందు దాని గోడ ఆకాశమంత ఎత్తు. టగ్గు ముక్కు మీద తాడు పట్టుకుని ఒకాయన చెయ్యెత్తి నిలబడ్డాడు. ఆ చెయ్యి దిగేదాకా నాన్న చక్రం మీద వేలు కదపలేదు. సారంగంటే అందరికీ ఆజ్ఞలిచ్చేవాడని నా లెక్క. నువ్వు చెప్పకుండా ఆయన చెప్పేదాకా ఆగావేం అని ఇంటికొచ్చాక అడిగాను. ‘తాడు ఆడి సేతిలో ఉంటే నానేటి సెప్తానమ్మా? ఆడు సూత్తన్నాడు, నాకు అవుపడదు’ అన్నారు. నాన్న పోయి ఆరేళ్లయింది. నేను చక్రం పట్టుకున్న ప్రతిసారీ ఆ ఎత్తిన చెయ్యే గుర్తొస్తుంది.

గాలి హోరున ఉన్నప్పుడు కథ కొంచెం మారుతుంది. ఇక్కడ వేసవిలో లోపలి లోయ ఎండకు కాగిపోతే, సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. మధ్యాహ్నం మూడింటికి గంటకు 20, 25 నాటికల్ మైళ్ల వేగం మామూలే. కొత్తగా చుక్కాని పట్టినవాళ్లు భయపడి, పడవ నెమ్మదించాక తిప్పుదామని చూస్తారు. అది తలకిందుల ఆలోచన. గాలి 20 మైళ్ల వేగంతో వెనక నుంచి వస్తోంది, పడవ అల మీద జారుతూ 12 మైళ్ల వేగంతో ముందుకు పోతోంది అనుకుందాం. చాపకు తగిలేది 8 మైళ్ల గాలే. అల వెళ్లిపోయి పడవ 6 మైళ్లకు పడిపోతే, తగిలేది 14. కాబట్టి అల వీపు మీద పరుగెత్తుతున్నప్పుడే తిప్పాలి, అప్పుడే తాళ్ల మీద బరువు తక్కువ. ఇలాంటప్పుడు తిప్పడం కూడా కాస్త చురుగ్గా ఉండొచ్చు. ఏ అల మీద తిప్పాలో ఎంచుకునేది ఎవరు? మళ్లీ చుక్కానే.

గాలి బాగా తక్కువగా ఉన్న రోజున కొందరు కొంగును సందులోంచి కాక చాప ముందు నుంచి చుట్టి తిప్పుతారు. చాప జెండాలా ముందుకు ఎగిరి అవతలికి వచ్చి పడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ దానికి తాళ్లు చాలా పొడవుండాలి, కొత్త వైపు తాడు నీళ్లలోకి జారి పడవ కిందికి పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు నేను అది చూపించను.

ఇంతా చేశాక కూడా చుట్టుకుంటే? మొదటి పని, లాగడం మానేయాలి. లాగినకొద్దీ ముడి బిగుస్తుంది. పడవను తిరిగి పాత వైపుకు మెల్లగా తిప్పితే, పెద్ద తెరచాప వెనక గాలి సుడి తిరిగే దిక్కు మారుతుంది. ఎక్కువసార్లు చాప ఎటు చుట్టుకుందో అటు నుంచే విప్పుకుని వస్తుంది. 2014లో మేం అరుచుకుంటూ పావుగంట లాగాం. చివరికి ఎర్రచాప నడుము దగ్గర చిరిగింది.

అమెరికాలో ఎక్కడో జరిగే ఆట గురించి తెలుగు పత్రికలో ఇంత ఎందుకని అడగొచ్చు. ఇది మనకు అంత దూరం కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వర్షా గౌతమ్, శ్వేతా షేర్వేగర్ జంట రజతం, కె.సి. గణపతి, వరుణ్ ఠక్కర్ జంట కాంస్యం తెచ్చింది ఈ రకం స్పిన్నేకర్ ఉన్న ఫార్టీనైనర్ తరగతి పడవల మీదే. గణపతి, వరుణ్ టోక్యో ఒలింపిక్స్‌లోనూ దాన్నే నడిపారు. ఇద్దరూ చెన్నైవాళ్లు. తడ నుంచి చెన్నై ఎంత దూరం? ఐఎన్ఎస్‌వి తారిణి మీద 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, 254 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు మనవాళ్లు, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. హుస్సేన్‌సాగర్‌లో ఏటా పందేలు జరుగుతూనే ఉన్నాయి. బడి పిల్లలు ఆప్టిమిస్ట్ పడవలు నడుపుతున్నారు, పెద్దవాళ్లు లేజర్లు నడుపుతున్నారు. సంతోషం. కానీ ఆ రెండూ ఒక్క మనిషి, ఒక్క చాప ఉండే పడవలు. ఒంటరిగా నడిపేవాళ్లకు గాలి తెలుస్తుంది. పక్కమనిషి చేతిలోని తాడు బరువు తెలియదు. ఇద్దరు ఎక్కి మూడు చాపలు నడిపే పడవలు హుస్సేన్‌సాగర్‌లోనూ, విశాఖలోనూ, కాకినాడలోనూ ఎక్కువగా రావాలి. క్రీడాశాఖలు కొత్త స్టేడియం గోడలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించాలి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం ఉంది, గాలి ఉంది. ఫైబర్ బోట్లు, మోటార్లు వచ్చాక మత్స్యకార వాడల్లో చాప దింపేశారు గానీ, చాప కట్టిన తెప్ప మీద వేటకు పోయిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

నేర్పేటప్పుడు ఆజ్ఞలు తెలుగులో ఉండాలి. ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. పది సెకన్ల పనిలో, విన్న మాటను మనసులో ఇంకో భాషలోకి మార్చుకునే తీరిక పదేళ్ల పిల్లకు ఉండదు.

పోయిన డిసెంబరులో భీమిలిలో మా అక్క ఇంట్లో పదిహేను రోజులున్నాను. సాయంత్రాలు వీధి పిల్లలు ఏడుగురిని పోగేసి ఇసుకలో పడవ కట్టాను. నడుముల చుట్టూ బట్టలారేసే తాడు తిప్పుకుని రైలాటలా నిలబడ్డారు, అదే పడవ. అందరికంటే పొడుగు పిల్ల మధ్యలో వెదురు గడ నిలబెట్టి పట్టుకుంది, స్తంభం. గడ కొస నుంచి ముందున్న పిల్ల నడుముకు ఒక తాడు, ఉక్కుతీగ. ఆ పిల్ల చేతిలో ముందుకు చాపిన కర్ర, వాసం. మా అమ్మ పాత వాయిల్ చీరను మూడు మూలలుగా మడిచి కుట్టి కట్టాను. కొంగుకు రెండు తాళ్లు. చిట్టచివర నిలబడ్డ పదకొండేళ్లవాడు చుక్కాని, వాడెటు తిరిగితే అందరూ అటు తిరగాలి.

సముద్రం మీంచి గాలి వస్తోంది. చీర నిండింది. వాడు ‘తిప్పుతున్నా’ అని అరిచి బొంగరంలా తిరిగాడు. చీర తాడుకు చుట్టుకుంది. మరుక్షణం వాడు, వాడితో బాటు ఇంకో ఇద్దరు, ముందున్న పిల్ల మీద విరుచుకుపడ్డారు. ‘నీవల్లేనే! నువ్వే సరిగ్గా పట్టుకోలేదు!’ వాళ్లకెవరూ నేర్పలేదు ఆ మాట. నాకు ఒళ్లు జలదరించింది.

ఈసారి ఊరుకోలేదు. వాణ్ణి పిలిచి కళ్లకు గంతలు కట్టాను. ‘ముందు నుంచి దాటింది అని వినబడేదాకా సముద్రానికి వీపు పెట్టి నడువు. వినబడ్డాకే తిరుగు’ అన్నాను. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పక్కింటి పెదనాన్న లేచి వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి వెంట నడిచాడు. ‘నెమ్మదిరా గుంటడా, సాప ఇంకా రాలేదు, సాప రానీ’ అంటూనే ఉన్నాడు. రెండోసారి కొంగు తీగ దాకా వచ్చి ఆగింది. మూడోసారి వాడి అడుగులు సగానికి సగం తగ్గాయి. తాళ్లు పట్టుకున్న పిల్లల్లో ఒకరు వదులుతున్నారు, ఒకరు లాగుతున్నారు. కొంగు తాడు పక్కనుంచి దూరి ఇవతల పడింది. ముందున్న పిల్ల గొంతు చించుకుని ‘దాటింది!’ అంది. వాడు తిరిగాడు. చీర ‘టప్’మని నిండింది. కళ్లకు గంతలున్నా వాడికి తెలిసిపోయింది. నవ్వుతున్నాడు.

చీకటి పడ్డాక తాళ్లు చుడుతుంటే ఆ పిల్ల దగ్గరికొచ్చి, ‘అత్తా, రేపు నేను ఎనకుంటాను, ఆడు ముందుకెల్లాల’ అంది. మర్నాడు అలాగే మార్చాం. వాడు ముందు నిలబడి కర్ర పట్టుకున్నాడు. మొదటి మలుపులో ఆ పిల్ల తొందరపడింది. చీర చుట్టుకుంది. వాడు వెనక్కి తిరిగి చూశాడే గాని ఏమీ అనలేదు.

ఈ డిసెంబరులో మళ్లీ వెళుతున్నాను. ఎనిమిది మిల్లీమీటర్ల మందం తాళ్లు రెండు, చిరిగిన ఎర్రచాపలోంచి మిగిలిన మూడు గజాల నైలాన్ గుడ్డ పెట్టెలో సర్దాను. అక్కకు ఫోన్ చేసి కుట్టుమిషన్ బాగుచేయించమన్నాను. వెదురు గడ పెదనాన్న తెస్తానన్నాడు.